వచ్చేవారిదీ పోయేవారిదీ ఒకే పద్దు: రాష్ట్ర ప్రణాళికా శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ప్రణాళికా శాఖ అధికారులకు,

నమస్కారాలు.

రాష్ట్రం ఏర్పడిన 2014-15లో లక్షా 24 వేల రూపాయల వద్ద ఉన్న మన తలసరి ఆదాయం 2024-25 నాటికి 3 లక్షల 79 వేలు దాటిందని ప్రభుత్వ సామాజిక ఆర్థిక నివేదిక చెబుతోంది. ఆ అంకెను తప్పు పట్టడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ఇంత వేగంగా పెరుగుతున్న రాష్ట్రంలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వయసులో ఉన్న మగవాళ్లు ఇప్పటికీ గల్ఫ్ విమానం ఎందుకు ఎక్కుతున్నారన్నది ఒక ప్రశ్న. అవే పల్లెలకు బిహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూలీలు ఎందుకు వస్తున్నారన్నది మరొకటి. మొదటిదాన్ని సాధారణ పరిపాలన శాఖలోని ఎన్నారై విభాగం చూస్తుంది, రెండోదాన్ని కార్మిక శాఖ చూస్తుంది. రెంటినీ ఒక్క చోట పెట్టి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఆ బాధ్యత మీ శాఖదేనని నా అభిప్రాయం, ఈ లేఖ మీకు రాయడానికి కారణమూ అదే.

నేను పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో, అంటే ఊళ్లో అందరూ సొసైటీ అనే చోట, ఉద్యోగం చేసి పదవీ విరమణ పొంది ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో కొనుగోలు కేంద్రంలో ఒక పూట నిలబడితే ఈ రెండు ప్రశ్నలూ ఒకే కాంటా దగ్గర ఎదురవుతాయి. తేమ పదిహేడు శాతానికి దిగిందని మిషన్ చూపించాక ఒక ఇల్లాలు తన కుప్ప తూకానికి సిద్ధంగా ఉందని చెబుతుంది. పట్టాదారు పాసుపుస్తకం భర్త పేరున ఉంటుంది, ఆధార్‌కు ముడిపడిన ఫోను నంబరు కూడా అతనిదే, అతను మాత్రం సౌదీలో ఉంటాడు. ఓటీపీ అడిగిన ఏడు అతను డ్యూటీ దిగి ఫోను చూసేదాకా ఆమె వడ్లు కంప్యూటరు ఎక్కకపోయేవి. ఆ లోపల సంచులు నింపి, కుట్టి, లారీకి ఎత్తే హమాలీలు బిహార్ మనుషులు. మధ్యాహ్నం టార్పాలిన్ నీడన కూర్చుని వాళ్లు కూడా ఫోనులోనే ఇంటివాళ్లతో మాట్లాడుతుంటారు, వాళ్ల ఊళ్లో పండిన వడ్ల సంగతి అడుగుతుంటారు. వడ్ల ఆసామి సముద్రం అవతల బరువులు మోస్తున్నాడు, అతని వడ్లను ఇక్కడ ఇంకో రాష్ట్రం మనిషి మోస్తున్నాడు. ఇందులో ఎవరూ తెలివితక్కువగా ప్రవర్తించడం లేదని, ఇద్దరికీ తమ తమ లెక్క ఉందని ముందుగా ఒప్పుకోవాలి.

ఊళ్లో పని లేక పోతున్నారన్న మాట సగమే నిజం. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి మళ్లీ వీసా కోసం తిరుగుతున్న ఒక కుర్రవాణ్ణి నేను ఈ మాటే అడిగితే, "ఊర్లె పని లేదంటలేను సార్, ఏడాది పొడుగూత లేదంటున్న" అన్నాడు. కాళేశ్వరం, శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువల నీళ్లు, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక వరి విస్తీర్ణం ఎంత పెరిగిందో మీకు తెలుసు. కానీ వరి పెంచిన పని మూడు నాలుగు ఇరుకైన కాలాల్లో వచ్చి పోతుంది. వానాకాలం నాట్లు ఒక నెల, యాసంగి నాట్లు ఒక నెల, కోతలన్నీ మిషన్లకు, ఆ తరువాత కొనుగోలు కేంద్రాల్లో కొన్ని వారాల హమాలీ పని. బిహార్ ముఠా ఎకరానికి ఇంతని గుత్తకు నాటు వేసి పక్క మండలానికి, అక్కడి నుంచి పక్క జిల్లాకు పోతుంది. నాట్లు అయిపోతే రైసు మిల్లుకు చేరుతుంది, మిల్లులో పని తగ్గితే ఇంటికి పోతుంది. పనిని వెంబడించి తిరుగుతుంది కనుక వాళ్లకు ఏడాదిలో పని దినాలు ఎక్కువ. ఊళ్లోనే ఉండే మన మనిషికి ఆ ఊరి నెల మాత్రమే దక్కుతుంది. మిగతా నెలలకు అతనూ ఎక్కడికో పోవలసిందే. పోవడమంటూ తప్పనప్పుడు నెల జీతం వచ్చే చోటికి పోతానంటాడు.

ఇంకొక కారణం ఉంది, సభల్లో ఎవరూ ఎత్తరు. రెండెకరాల పట్టా ఉన్న మనిషి తన ఊరి కేంద్రంలో, తన వాళ్లు చూస్తుండగా, పక్క వాడి బస్తా మోయడు. షార్జాలో మోస్తాడు. అక్కడ అతన్ని ఎవరి కొడుకో అని ఎవరూ గుర్తుపట్టరు. కులానికీ పనికీ మధ్య మనం కట్టిన లంకె తెగనంత కాలం, స్థానికులకే పని ఇవ్వాలన్న నినాదం మిల్లు గేటు దాకా కూడా పోదు. మిల్లు యజమానులు బయటి వాళ్లనే పెట్టుకుంటున్నారన్న ఆరోపణ తరచుగా వింటాం. వాళ్లకు అందులో లాభం ఉన్న మాట నిజమే, బయటి మనిషి మిల్లులోనే పడుకుంటాడు, అర్ధరాత్రి లారీ వచ్చినా లేస్తాడు, ఊళ్లో పెళ్లి ఉందని సెలవు అడగడు. కానీ ఆ పనికి మన వాళ్లు వరుస కట్టి నిలబడితే వద్దన్నారన్న సందర్భం నా ఉద్యోగ కాలంలో నేను చూడలేదు.

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన కరీంనగర్ వైపు బతుకుదెరువు గురించి చెప్పుకునే మాట మీరంతా విన్నదే. ఆ మూడింటిలో సొంత గడ్డ మీద ఉన్నది బొగ్గుబాయి ఒక్కటే. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైన నాటి నుంచి గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి దాకా సింగరేణి ఎన్ని ఊళ్లను నిలబెట్టిందో చెప్పనక్కరలేదు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న అక్కడి కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు తగ్గారు. పైనుంచి యంత్రాలతో తవ్వే ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి, బొగ్గు ఉత్పత్తి పెరిగింది, మనుషులు తగ్గారు. రాష్ట్ర ఆదాయం పెరగడానికీ మన మనిషికి ఊరి దగ్గర పని దొరకడానికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోవాలంటే ఈ ఒక్క సంస్థ చరిత్ర చదివితే చాలు.

ఇక అప్పు సంగతి. వలస గురించిన ప్రభుత్వ పత్రాల్లో దీనికి ఎప్పుడూ ఒక పేరాకు మించి చోటు దొరకదు కాబట్టి నేను కొంచెం వివరంగా రాస్తాను. 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, మొత్తం 35,400. పల్లెలో మనిషికి ఎదురయ్యేది ఆ నమోదైన ఏజెంటు కాదు, అతని పేరు చెప్పుకుని తిరిగే సబ్ ఏజెంటు. లక్షా ఇరవై వేలు అడిగాడనుకుందాం, అది అసాధారణమైన మొత్తమేమీ కాదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే మొదటి నెల మిత్తే 2,400. వెయ్యి దిర్హాంల జీతంలో తిండి పోను ఇంటికి పదిహేను వేలు పంపగలిగితే, ఆ డబ్బులో ఇంటివాళ్లు ఒక్క రూపాయి వాడుకోకుండా అప్పుకే కట్టినా తొమ్మిది నెలలు పడుతుంది. సగం ఇంటికి, సగం అప్పుకు అనుకుంటే ఇరవై నెలలు. వీసా గడువు సాధారణంగా రెండేళ్లు. అంటే మొదటి వీసా అంతా అప్పుకే చెల్లు, మిగుల్చుకోవాలంటే రెండోసారి పోక తప్పదు. చట్టం చెప్పిన 35,400 మాత్రమే ఖర్చయి ఉంటే ఇదే లెక్కన అయిదు నెలల్లో తీరేది. గల్ఫ్‌కు పోయినవాడు పదేళ్లయినా ఎందుకు తిరిగి రాడని అడిగేవారికి నేను చూపించేది ఈ లెక్కనే. పంటకు అప్పిచ్చే సొసైటీ, ట్రాక్టరుకు అప్పిచ్చే బ్యాంకు, ఇంటి పెద్ద చేసే ఈ ప్రయాణానికి మాత్రం అప్పు ఇవ్వవు, ఆ ఖాళీలోనే సబ్ ఏజెంటూ మిత్తి వ్యాపారీ చేరి కూర్చున్నారు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయం ఇస్తూ 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అదే నెలలో ప్రవాసుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. రెండూ చేయవలసిన పనులే, ఆలస్యంగా జరిగిన పనులు. అయితే శవపేటిక వచ్చిన తరువాత ఇచ్చే డబ్బు ప్రణాళిక అనిపించుకోదు. విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ ఉండేది హైదరాబాదులో, సబ్ ఏజెంటు ఉండేది కోరుట్ల బస్టాండు పక్కన. పదో తరగతి పాసు కాని మనిషి, అంటే పాస్‌పోర్టులో వలస తనిఖీ తప్పనిసరి అయిన మనిషి, ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోతాడో ఊహించడానికి సర్వే అవసరం లేదు.

ఇప్పుడు ఇదే అప్పును ఇంకో వైపు నుంచి చూడండి. పెద్దపల్లి, సుల్తానాబాద్ చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. అక్కడ నువాఖాయి పండుగ తరువాత కూలీలను కుదిర్చే సర్దారు ఇంటింటికీ తిరిగి అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా, వానలు మొదలై బట్టీ ఆగేదాకా, భార్యాభర్తలూ ఎదిగిన పిల్లలూ కలిసి ఇటుక కోస్తారు. ఎన్ని ఇటుకలు కోశారో రాసుకునే పుస్తకం యజమాని దగ్గర ఉంటుంది, మధ్యలో వెళ్లిపోదామంటే అడ్వాన్సు అడ్డం వస్తుంది. మన మనిషి పాస్‌పోర్టు గల్ఫ్‌లో అతని వీసాకు పూచీ ఉన్న యజమాని, అంటే కఫీల్ దగ్గర ఉందని మనం గగ్గోలు పెడతాం. ఇటుకల పుస్తకం బట్టీ యజమాని దగ్గర ఉందని గగ్గోలు పెట్టడానికి ఆ ఒడియా కూలీకి ఇక్కడ భాష కూడా లేదు. పెద్దపల్లి జిల్లాలో బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో పిల్లలకు బడులు నడిపిన మాట గుర్తు చేసుకోవాలి, అది మంచి ప్రయత్నం. కానీ కూలి పుస్తకం, ప్రయాణ భత్యం, కాంట్రాక్టరు లైసెన్సు అన్నీ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో ఉన్నవే. నాలుగున్నర దశాబ్దాలు ఆ చట్టం కాగితం మీదే ఉండి, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాక వాటిలో కలిసిపోయింది. కొత్త కోడ్ కాంట్రాక్టరు ద్వారా కాక సొంతంగా వచ్చిన కార్మికుణ్ణి కూడా అంతర్రాష్ట్ర కార్మికుడిగా గుర్తిస్తుంది. దాని కింద రాష్ట్రం రాసుకునే నియమాల్లో పెద్దపల్లి బట్టీ కనబడుతుందా లేదా అన్నది మన చేతిలో ఉన్న విషయం. రియాద్‌లో మన వాళ్లకు ఏమేమి కావాలని మన ప్రతినిధులు విదేశాంగ శాఖకు వినతిపత్రాలు ఇస్తున్నారో, వాటిని వరుసగా చదువుతూ, ఒక్కొక్కటీ మన బట్టీలో, మన మిల్లులో ఉందా అని టిక్కు పెట్టుకుంటూ పోతే చాలు, ఆ నియమాల ముసాయిదా దానంతట అదే తయారవుతుంది.

2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఏం జరిగిందో మరిచిపోయే వీలు లేదు. వలస కూలీలను ఇళ్లకు చేర్చేందుకు నడిపిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో కదిలింది. అది కదిలిన వారం రోజులకు బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా కూలీలను ఎక్కించుకుని ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది, యాసంగి వడ్లు మిల్లుల ముందు పేరుకుపోయి ఉన్నాయి గనుక. వారం తిరగకముందే ఎవరు లేకపోతే మన పంట కదలదో తేలిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే ములుగు జిల్లాలో మిరప ఏరడానికి వచ్చిన పన్నెండేళ్ల గిరిజన బాలిక ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని తన ఇంటికి అడవి దారిన నడిచిపోతూ, ఇల్లు చేరకుండానే చనిపోయింది. ఆ పిల్ల మన రాష్ట్రంలో పని చేస్తోందన్న సంగతి మన రాష్ట్రంలో ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు.

నేత పని వారి విషయం వీటికి కొంత భిన్నమైనది. మన వరంగల్, సిరిసిల్ల పద్మశాలీలు భివండీ, షోలాపూర్, సూరత్ పోయి రెండు మూడు తరాలు అయింది. 2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, పోయిన వాళ్లంతా తిరిగి వస్తారని వేదిక మీద చెప్పారు. కొందరు నిజంగానే వచ్చారు, మడికొండ పార్కులో మగ్గాలు పెట్టుకున్న వాళ్లలో సూరత్ నుంచి వచ్చినవారు ఉన్నారు. ఎక్కువ మంది రాలేదు, అందుకు వాళ్లను నిందించడం తగదు. భివండీ పద్మానగర్‌లోనో సూరత్ లింబాయత్‌లోనో మగ్గంతో పాటు ఇల్లుంది, నూలు అరువిచ్చే షావుకారు ఉన్నాడు, గుడ్డ కొనే బజారు నడక దూరంలో ఉంది, పిల్లలు మరాఠీలోనో గుజరాతీలోనో చదువుకున్నారు. వాళ్లను ఇక్కడి నుంచి పంపించింది కూలి తక్కువ కావడం, అక్కడ నిలబెట్టింది బజారు. మనం పార్కులో భూమి ఇచ్చాం, కరెంటు లైను ఇచ్చాం, బజారు ఇవ్వలేదు. పార్కు ప్రహరీ ఎంత పొడవుగా కట్టినా నూలు బజారు లేని చోటికి మగ్గం యజమాని రాడు.

చదువుకున్న వాళ్ల మాటకు వస్తే, వరంగల్‌కు 1959లోనే ఇంజినీరింగ్ కళాశాల, మెడికల్ కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇన్ని దశాబ్దాలుగా ఈ ఊరు పిల్లల్ని తయారుచేసి పంపించే ఊరుగానే ఉంది. ఖమ్మం, ఆదిలాబాద్ పిల్లలు హనుమకొండ హాస్టళ్లకు వస్తారు, ఇక్కడ డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగుకు పోతారు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 ప్రకటన 2022లో గాని రాలేదు, దాని ప్రాథమిక పరీక్ష లీకేజీతో రద్దయింది. అప్పటిదాకా అద్దె గదుల్లో ఉన్న వాళ్లు ఏ వలస లెక్కకూ అందరు. 2020 జనవరిలో మడికొండలో రెండు పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల కార్యాలయాలు తెరిచినప్పుడు పుట్టిన ఆశ గాలికి పోలేదు గాని, పెరగవలసినంత పెరగలేదు. అమెరికా పోయేవారి గురించి నేను ఎక్కువ రాయను, వాళ్ల గురించి పత్రికలు రోజూ రాస్తున్నాయి.

కానీ 2025 డిసెంబరులో విడుదలైన 2047 దార్శనిక పత్రం గురించి ఒక మాట అడగకుండా ఉండలేను. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల ఒక మండలం (జోన్), ఔటర్‌కూ రీజనల్ రింగు రోడ్డుకూ మధ్య రెండోది, దాని బయట ఉన్న రాష్ట్రమంతా గ్రామీణ వ్యవసాయ మండలం అని విభజించారు. ఆ గీత ప్రకారం రాష్ట్రంలో రెండో పెద్ద నగరమైన వరంగల్ వ్యవసాయ మండలంలో పడింది. పరిశ్రమ, ఉద్యోగం, పెద్ద జీతం అన్నీ హైదరాబాద్ చుట్టూ గీసిన వలయాల లోపలే అని కాగితం మీద మనమే రాసుకుంటే, వలయం బయట పుట్టిన పిల్లవాడు లోపలికి రావడమో, దాన్ని దాటి శంషాబాద్ నుంచి విమానం ఎక్కడమో తప్ప ఏం చేస్తాడు? రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం మన హనుమకొండ జిల్లా తలసరికి ఎన్ని రెట్లుందో మీ నివేదికలోనే ఉంది. మామునూరు విమానాశ్రయం, కాజీపేట రైలు పెట్టెల కర్మాగారం ఇప్పుడైనా కదిలాయి, సంతోషం. అవి వచ్చిన చోట ఎవరికి ఎలాంటి పని దొరుకుతుందో ముందుగా లెక్క వేసే బాధ్యత కూడా ఆ దార్శనిక పత్రంలో ఉండవలసింది.

లెక్క వేయాలంటే ముందు మనుషులు కాగితం మీదికి రావాలి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజున బొంబాయి, భివండీ, సూరత్‌ల నుంచి మన వాళ్లు రైళ్లూ బస్సులూ కిక్కిరిసి వచ్చి సొంత ఊళ్లో పేరు రాయించుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ లెక్కలో ఉండాలన్న ఆరాటం వాళ్లకు ఉంది. 2027 ఫిబ్రవరిలో జరగనున్న జనగణన దేశంలో ఉన్నవారినే లెక్కిస్తుంది, దుబాయిలో ఉన్న మనిషి దానిలోకి రాడు. నాట్ల కాలానికి వచ్చి పోయిన బిహార్ కూలీ ఆ నెలలో తన ఊళ్లో ఉంటే మన లెక్కలోకి రాడు. 2011 జనగణనలో వలసకు కారణం ఏమిటన్న గడిలో ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి వంటి మాటల్లో ఒక్కదాన్నే ఎంచుకోవలసి వచ్చింది, అప్పు అన్న మాట అందులో లేనే లేదు. కేరళలో 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే శాఖను పెట్టారు, 1998 నుంచి కొన్నేళ్లకొకసారి వలస సర్వే చేస్తున్నారు. ఎవరు పోయారు, ఎంత పంపారు, ఎందుకు తిరిగి వచ్చారు అని ఇల్లిల్లూ అడుగుతున్నారు. అక్కడికి వచ్చే బెంగాల్, అస్సాం కూలీల కోసం 2017లో ఆవాజ్ అనే బీమా కూడా పెట్టారు. మన కంటే ముందు గల్ఫ్ పోయిన రాష్ట్రం కాబట్టి మన కంటే ముందు నేర్చుకుంది.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. ప్రతి గ్రామ పంచాయతీలో పోయేవారికీ వచ్చేవారికీ ఒకే రిజిస్టరు పెట్టించండి. పోయిన మనిషి ఏ ఏజెంటు ద్వారా, ఎంత ఖర్చుతో, ఎవరి దగ్గర ఎంత మిత్తికి తెచ్చి పోయాడో, వచ్చిన మనిషి ఏ సర్దారు ద్వారా, ఎంత అడ్వాన్సు మీద, ఎవరి పనిలో ఉన్నాడో పక్కపక్క పేజీల్లో ఉండాలి. దాన్ని పోలీసు నిఘా పుస్తకంగా మార్చకండి, మారిస్తే మొదటి వారంలోనే ఎవరూ పేరు చెప్పరు. ఏ ఊళ్లో ఉన్నా రేషను తీసుకునే వీలు (పోర్టబిలిటీ), పిల్లల బడి, సహజ మరణానికీ వర్తించే బీమా ఆ నమోదుకు ముడిపెడితే వాళ్లే వచ్చి రాయించుకుంటారు. టామ్‌కామ్ శాఖను జగిత్యాలలో, నిజామాబాద్‌లో తెరవండి. చట్టబద్ధమైన 35,400 రూపాయల వరకు సొసైటీలు పంట రుణం మాదిరిగా ప్రయాణ రుణం ఇచ్చేలా సహకార శాఖతో మాట్లాడండి, తిరిగి రాబట్టుకోవడం ఎలాగన్న సందేహానికి, ఇంటికి పంపే డబ్బు అదే సొసైటీ ఖాతాలోకి వచ్చేలా చూడడమే సమాధానం. బట్టీల నియమాల మీద పెద్దపల్లిలో బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఒడియా తెలిసిన మనిషిని ఒకరిని వెంట తీసుకురండి.

వచ్చే వానాకాలం నాట్లు మొదలయ్యేలోగా కనీసం ఒక్క మండలంలోనైనా ఈ రిజిస్టరును ప్రయోగంగా ప్రారంభించగలరని ఆశిస్తున్నాను. ఏ మండలం ఎంచుకున్నా, అక్కడి సొసైటీ దస్తావేజులు ఎలా చదవాలో చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సహకార సంఘ ఉద్యోగి
హనుమకొండ